మెథడ్స్ వదిలేస్తానంటున్న ఫుటీ కుర్రాడు

ప్రశ్న: మేం మెల్‌బోర్న్ పడమటి శివారు టార్నీట్‌లో ఉంటున్నాం. ఈ దేశం వచ్చి 14 ఏళ్లయింది. మా బాబు పదో తరగతి, ఆగస్టులో 16 నిండుతాయి. ఎత్తు 181 సెంటీమీటర్లు, బరువు 66 కిలోలు. ఎనిమిదో ఏట నుంచి ఇక్కడి ఫుటీ (ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్) ఆడుతున్నాడు. నిరుడు వాళ్ల క్లబ్బులో ఉత్తమ ఆటగాడికిచ్చే బెస్ట్ అండ్ ఫెయిరెస్ట్ బహుమతి వచ్చింది. ఇప్పుడు వెస్టర్న్ జెట్స్ అండర్-16 శిక్షణకు పిలిచారు. అప్పటినుంచి వాడి నోట ఒకటే మాట, ఏఎఫ్ఎల్ (ఫుటీలో అన్నిటికన్నా పెద్ద లీగ్). వచ్చే ఏడాది మ్యాథ్స్ మెథడ్స్ (పదకొండు, పన్నెండు తరగతుల్లో పై స్థాయి లెక్కలు) తీసుకోడట, తేలికైన సబ్జెక్టులతో సరిపెడతాడట. వాళ్ల నాన్న ససేమిరా అంటున్నారు. గుంటూరు నుంచి మా మామగారు ఫోన్ చేసినప్పుడల్లా 'బంతాట కూడు పెడుతుందా' అని అడుగుతున్నారు. దెబ్బలంటే నాకూ భయమే. ఇందులో నిజంగా బతుకుదెరువు ఉందా? ఉంటే ఎప్పటికి తేలుతుంది? అంతవరకు మేం చేయాల్సింది ఏమిటి? – ఒక తల్లి

సమాధానం:

మెథడ్స్ వదలనివ్వకండి. ఆటా మాన్పించకండి. మీ ఇంట్లో వాదన 'చదువా, ఆటా' అని నడుస్తోంది కానీ, పదో తరగతిలో ఆ రెండింటికీ పెద్ద పేచీ లేదు. పేచీ వచ్చేది పన్నెండో తరగతిలో, అదీ జూన్ నుంచి నవంబరు దాకా. ఆ ఆరు నెలల బరువును ఇప్పటినుంచే తగ్గించుకుంటూ రావడం మీ పని.

ముందు మామగారి ప్రశ్న. కూడు పెడుతుంది. పెట్టినవాళ్లకు గట్టిగానే పెడుతుంది. 2023లో ఆటగాళ్ల సంఘానికీ ఏఎఫ్ఎల్‌కూ కుదిరిన ఒప్పందం ప్రకారం పురుషుల లీగ్‌లో సగటు జీతం 2027 నాటికి 5,19,000 డాలర్లకు చేరాలి. అయితే సగటును చూసి మురిసిపోకండి. పదేళ్లుగా ఆడుతున్న పేరున్నవాళ్లు దాన్ని పైకి లాగుతారు. కొత్తగా చేరినవాడికి వచ్చేది అందులో చిన్న భాగం. ఆ మొత్తం కూడా ఒప్పందంలో ముందే రాసి ఉంటుంది, దాని మీద బేరం ఉండదు. ఇప్పుడున్నవి 18 క్లబ్బులు, 2028లో టాస్మానియా చేరితే 19. ఒక్కో క్లబ్బు జాబితాలో 40కి పైచిలుకు ఆటగాళ్లు. అంటే దేశం మొత్తం మీద ఈ ఉద్యోగాలు 800కు అటూ ఇటూ. ఏటా నవంబరులో జరిగే జాతీయ డ్రాఫ్ట్‌లో (క్లబ్బులు వంతులవారీగా కొత్త ఆటగాళ్లను ఎంచుకునే కార్యక్రమం) ఎంపికయ్యేది 60, 70 మంది. లోపలికి ఎంతమంది వస్తే దాదాపు అంతమందీ బయటికి పోవాల్సిందే. డ్రాఫ్ట్ వార్తలు చూసేవాళ్లు ఈ రెండో సగాన్ని మర్చిపోతారు.

ఇక దారి. జెట్స్ పిలుపు చిన్నదేం కాదు, అలాగని పెద్దదీ కాదు. విక్టోరియాను 12 ప్రాంతాలుగా విడగొట్టి, ఒక్కో ప్రాంతం నుంచి ఒక్కో జట్టును టాలెంట్ లీగ్‌లో ఆడిస్తారు. మీ పడమటి వైపుది జెట్స్. అండర్-16 బృందంలో ఉన్నవాళ్లందరూ అండర్-18 దాకా రారు. అండర్-18లో మొదటి ఏడాది ఆడేవాళ్లను 'బాటమ్ ఏజ్', రెండో ఏడాది వాళ్లను 'టాప్ ఏజ్' అంటారు. మీ వాడు పదకొండో తరగతిలో బాటమ్ ఏజ్, పన్నెండులో టాప్ ఏజ్ అవుతాడు. ఆ టాప్ ఏజ్ ఏడాదిలోనే ప్రాంతాల నుంచి ఏరి విక్ మెట్రో, విక్ కంట్రీ అని రెండు రాష్ట్ర జట్లు కట్టి జాతీయ అండర్-18 పోటీలకు పంపుతారు. దక్షిణ ఆస్ట్రేలియా, పశ్చిమ ఆస్ట్రేలియా కుర్రాళ్లు ఎదురయ్యేది అక్కడే. రిక్రూటర్లు (క్లబ్బుల తరఫున ఆటగాళ్లను వెతికేవాళ్లు) నోటు పుస్తకాలు తెరిచేదీ అక్కడే. మెట్రో జట్టులో చోటు దక్కకపోయినా డ్రాఫ్ట్ కావచ్చు, కానీ అప్పుడు దారి కష్టమవుతుంది.

డ్రాఫ్ట్‌కు అర్హత రావాలంటే ఆ ఏడాది డిసెంబరు 31 లోపు 18 నిండాలి. ఇక్కడ పుట్టిన నెల చూసుకోండి. విక్టోరియాలో ఏప్రిల్ 30 లోపు అయిదేళ్లు నిండే పిల్లల్ని ఆ ఏడాదే ప్రెప్‌లో (బడి మొదటి ఏడాది) చేర్చవచ్చు. మనవాళ్లు ఏడాది వృథా కాకూడదని జనవరి-ఏప్రిల్ పిల్లల్ని ముందే చేర్చేస్తారు. అలాంటి పిల్లలకు పన్నెండో తరగతి 17వ ఏట అయిపోతుంది, డ్రాఫ్ట్ ఏడాది ఆ తర్వాత వస్తుంది. అనుకోకుండా వాళ్లకు ఇది మేలే. మీ వాడిది ఆగస్టు కాబట్టి రెండూ ఒకే ఏడాది మీద పడతాయి. ఆ ఏడాది ఇలా ఉంటుంది: జాతీయ పోటీలు దాదాపు జూన్, జులై నెలల్లో. డాక్టరు కావాలనుకునేవాళ్లకు యూక్యాట్ పరీక్ష జులైలో మొదలు. సెప్టెంబరులో టాలెంట్ లీగ్ ఫైనల్స్. అక్టోబరు మొదట్లో డ్రాఫ్ట్ కంబైన్ (ఆటగాళ్లకు క్లబ్బుల ముందు జరిగే శారీరక, వైద్య పరీక్షలు). అక్టోబరు చివర నుంచి వీసీఈ (విక్టోరియాలో పదకొండు, పన్నెండు తరగతుల చదువు) రాత పరీక్షలు. అవి ముగుస్తూనే డ్రాఫ్ట్. ఎంపికైతే కొద్ది రోజుల్లోనే కొత్త క్లబ్బులో ప్రీ-సీజన్ శిక్షణ. యూనివర్సిటీ సీట్లకు చూసే ఏటార్ మార్కులు వచ్చేది డిసెంబరులో, అప్పటికి కుర్రాడు ఏ పెర్త్‌లోనో పరుగులు తీస్తూ ఉండవచ్చు.

ఈ వరుస చూస్తే మెథడ్స్ మానేయడం తప్పుడు చోట బరువు దించుకోవడమని తెలుస్తుంది. మెథడ్స్ లేకపోతే చాలా ఇంజినీరింగ్ కోర్సుల తలుపులు మూసుకుపోతాయి, మళ్లీ తెరవాలంటే అదనంగా ఏడాది పోతుంది. దానికి బదులు పదకొండులోనే ఒక సబ్జెక్టు యూనిట్ 3, 4 (పన్నెండో తరగతి భాగం) పూర్తిచేయించండి. ఫిజికల్ ఎడ్యుకేషన్ అయితే వాడికి నచ్చుతుంది, వాడి శిక్షణకూ పనికొస్తుంది. బడి ఒప్పుకుంటే రెండు సబ్జెక్టులు చేసినా సరే. అప్పుడు పన్నెండులో నాలుగే మిగులుతాయి. మెథడ్స్ కన్నా కష్టమైన స్పెషలిస్ట్ మ్యాథ్స్ కూడా ఉండాలని వాళ్ల నాన్న పట్టుబడుతుంటే, తగ్గాల్సింది అక్కడ. వీసీఈని రెండేళ్లకు మించి సాగదీసుకునే వీలు కూడా ఉంది. మన ఇళ్లలో ఆ మాట ఎత్తితే ఫెయిలయ్యాడన్నట్టు చూస్తారు, కానీ ఆటగాళ్ల కుటుంబాల్లో అది మామూలే. సబ్జెక్టుల ఎంపిక ఫారాలు ఈ ఏడాది మధ్యలోనే వస్తాయి. కెరీర్స్ టీచర్ దగ్గరికి బాబును వెంటబెట్టుకుని వెళ్లండి. జెట్స్ శిక్షణ వేళలు రాసిన కాగితం చేతిలో ఉండాలి.

డ్రాఫ్ట్ గురించి మన కుటుంబాలకు మింగుడుపడని సంగతి ఒకటుంది. క్లబ్బును ఎంచుకునేది ఆటగాడు కాదు. గత సీజన్‌లో అట్టడుగున ఉన్న క్లబ్బు ముందు ఎంచుకుంటుంది, ఆ తర్వాత దానికి పైనున్నది. 18 క్లబ్బుల్లో 10 విక్టోరియావి. మిగతావి అడిలైడ్, పెర్త్, సిడ్నీ, బ్రిస్బేన్, గోల్డ్ కోస్ట్‌లో రెండేసి లేదా ఒక్కొక్కటి. పిలిచిన చోటికి వెళ్లాలి. 18 ఏళ్ల పిల్లవాడిని చాలా క్లబ్బులు మొదట్లో ఏదో ఒక ఇంట్లో పెడతాయి. అక్కడ పప్పూ పెరుగూ దొరకవు. ఇది చిన్న సంగతిలా కనిపిస్తుంది కానీ, మొదటి ఏడాది ఇంటిమీద బెంగతో బరువు తగ్గి ఆట పడిపోయేవాళ్లు ఉంటారు. అన్నం, పప్పు, కోడికూర, గుడ్డు కూర వండుకోవడం పదహారేళ్లకే నేర్పండి.

మొదటి ఒప్పందం మామూలుగా రెండేళ్లది, మొదటి రౌండులో ఎంపికైనవాళ్లకు మూడేళ్లది. ఆ రెండేళ్లలో ఎక్కువమంది సీనియర్ జట్టులో కన్నా వీఎఫ్ఎల్ వంటి రెండో స్థాయి జట్టులోనే ఎక్కువ మ్యాచ్‌లు ఆడతారు. మ్యాచ్ రోజు సీనియర్ జట్టులో చోటు 23 మందికే. రెండేళ్లయ్యాక కోచ్ గదిలోకి పిలిచి 'లిస్టు నుంచి తీసేస్తున్నాం' అంటే అక్కడితో సరి. ఇరవయ్యో ఏట చేతిలో ఏటార్ మార్కులు, వాయిదా వేసుకున్న యూనివర్సిటీ సీటు ఉన్నవాడికీ లేనివాడికీ ఆ రోజు తేడా తెలుస్తుంది. సీటు వచ్చాక డిఫర్ చేయించి, పార్ట్ టైమ్‌గా ఒకటి రెండు సబ్జెక్టులతో మొదలుపెట్టించండి. క్రీడాకారులకు వెసులుబాట్లు ఇచ్చే యూనివర్సిటీలు చాలా ఉన్నాయి. ఆటగాళ్ల సంఘం చదువుకు ఆర్థిక సాయం చేస్తుంది. ప్రతి క్లబ్బులో ఈ పనులు చూసే ప్లేయర్ డెవలప్‌మెంట్ మేనేజర్ ఉంటాడు. నిలదొక్కుకున్నవాడికి మాత్రం ఎనిమిదేళ్ల సర్వీసు తర్వాత ఫ్రీ ఏజెన్సీ హక్కు వస్తుంది. అప్పుడు క్లబ్బును ఎంచుకునే మాట మొదలవుతుంది.

'ఎప్పటికి తేలుతుంది' అన్నారు. 18కి తేలుతుందని అందరూ అనుకుంటారు, చాలామందికి అప్పుడు తేలదు. డ్రాఫ్ట్ రాత్రి పేరు రాకపోయినా తర్వాత రూకీ డ్రాఫ్ట్ (జాబితాలో అదనపు చోట్లకు జరిగే ఎంపిక) ఉంది. 2019 నుంచి సీజన్ మధ్యలో ఇంకో డ్రాఫ్ట్ కూడా జరుగుతోంది. మీ పక్కనే వెర్రిబీలో వీఎఫ్ఎల్ ఆడుతున్న మైఖేల్ బార్లోను డ్రాఫ్ట్‌లలో ఎవరూ తీసుకోలేదు. 22వ ఏట, 2010లో, రూకీగా ఫ్రీమాంటిల్ తరఫున అడుగుపెట్టాడు. మార్లియన్ పికెట్‌ను 2019లో సీజన్ మధ్యలో రిచ్‌మండ్ తీసుకునేసరికి అతనికి 27. అతని మొదటి ఏఎఫ్ఎల్ మ్యాచే ఆ ఏటి గ్రాండ్ ఫైనల్. కాలింగ్‌వుడ్ డేన్ స్వాన్ 2001 డ్రాఫ్ట్‌లో 58వ ఎంపిక. పదేళ్లకు లీగ్ ఉత్తమ ఆటగాడికిచ్చే బ్రౌన్‌లో పతకం అందుకున్నాడు. క్రికెట్‌కు వెళ్లి తిరిగొచ్చినవాడూ ఉన్నాడు. అలెక్స్ కీత్ 2009లో ఫుటీ కాదనుకుని విక్టోరియా క్రికెట్‌తో ఒప్పందం చేసుకున్నాడు. 2015లో అడిలైడ్ క్లబ్బు అతన్ని తీసుకుంది. మూడేళ్లుగా ఫుటీ ఆడనివాళ్ల కోసం, వేరే ఆటల వాళ్ల కోసం 'కేటగిరీ బి రూకీ' అనే ప్రత్యేక చోటు ఉంది. ఓక్లహోమా బాస్కెట్‌బాల్ ఆటగాడు, 211 సెంటీమీటర్ల మేసన్ కాక్స్ ఈ ఆటలోకి వచ్చిందీ అలాగే. 2023లో కాలింగ్‌వుడ్‌తో ఛాంపియన్‌షిప్ గెలిచాడు. ఇవన్నీ అరుదైనవే, కాదనను. అయినా 18వ ఏట రాసే ఒక్క పరీక్షతో జీవితం తేలిపోతుందని నమ్మే మనకు ఇవి తెలిసి ఉండాలి.

మీకు ప్రత్యేకంగా పనికొచ్చే దారి ఇంకొకటుంది, దాని పేరు నెక్స్ట్ జనరేషన్ అకాడమీ. ఆదివాసీ పిల్లల కోసం, వలస కుటుంబాల పిల్లల కోసం ఏఎఫ్ఎల్ క్లబ్బులు 2016 నుంచి నడుపుతున్నాయి. తల్లిదండ్రుల్లో ఒక్కరైనా ఆసియాలోనో ఆఫ్రికాలోనో పుట్టినవాళ్లయితే అర్హత. మీరిద్దరూ ఇండియాలో పుట్టినవాళ్లే కదా! ఒక్కో క్లబ్బుకు ఒక్కో ప్రాంతం కేటాయించారు. ఆ అకాడమీలో పెరిగిన కుర్రాడిని డ్రాఫ్ట్‌లో వేరే క్లబ్బు ఎంచుకోబోతే, సొంత క్లబ్బు కొన్ని షరతుల మీద తన ఎంపికల విలువతో సరితూగి తనే తీసుకోవచ్చు. 2020లో మొదటి ఎంపిక జమారా యుగల్-హేగన్ వెస్టర్న్ బుల్‌డాగ్స్‌కు ఈ దారిలోనే దక్కాడు. షరతులు తరచూ మారుతుంటాయి. టార్నీట్ ఏ క్లబ్బు కిందికి వస్తుందో, నమోదుకు ఏ కాగితాలు కావాలో జెట్స్ టాలెంట్ మేనేజర్‌ను ఈ నెలలోనే ఈమెయిల్‌లో అడగండి. మన పిల్లలు చాలామంది అర్హత ఉండీ అడగకపోవడం వల్ల నమోదు కారు. మీ ప్రాంతం నుంచి వెళ్లిన మజాక్ డా పేరు బాబుకు తెలిసే ఉంటుంది. సూడాన్‌లో పుట్టి, మీ పక్కన హాపర్స్ క్రాసింగ్‌లో ఆట నేర్చుకుని, జెట్స్‌కు ఆడి, నార్త్ మెల్‌బోర్న్‌కు ఎంపికైనవాడు.

ఇప్పుడు మీ బాబు ఒంటి సంగతి. 181 సెంటీమీటర్లంటే మిడ్‌ఫీల్డ్‌కో హాఫ్-బ్యాక్‌కో సరిపోయే ఎత్తు. ఇంకా పెరగవచ్చు. 66 కిలోలు మాత్రం తక్కువ. 18 నాటికి 76, 78 ఉంటే పెద్దవాళ్ల ఢీలకు తట్టుకుంటాడు. ఏడాదికి అయిదు కిలోల చొప్పున చాలు, అంతకు తొందరపడితే చేరేది కొవ్వే. రోజుకు కిలో బరువుకు 1.6 నుంచి 2 గ్రాముల ప్రొటీన్ లెక్కన మీ వాడికి 105 నుంచి 130 గ్రాములు కావాలి. మన భోజనంలో అన్నం కొండంత, పప్పు గరిటెడు. అక్కడే తేడా వస్తుంది. గుడ్డుకు 6 గ్రాములు, పావు లీటరు పాలకు 8, వండిన కోడిమాంసం 100 గ్రాములకు 30, పనీర్ 100 గ్రాములకు 18 దాకా. పొద్దున మూడు గుడ్లు, గ్లాసు పాలు, బడికి కోడిమాంసం పెట్టిన శాండ్‌విచ్ లేదా పనీర్ రొట్టె, శిక్షణ అయిన గంటలోపు పాలు-అరటిపండు, రాత్రి చారెడు కాదు, కప్పున్నర గట్టి పప్పు, పెరుగు. దీంతో పొడులు లేకుండానే లెక్క కుదురుతుంది. మ్యాచ్‌కు మూడు గంటల ముందు ఇడ్లీ, పెరుగన్నం భేషైన తిండి. పూరీ కాదు. పిల్లల మ్యాచ్‌లు ఎక్కువగా ఆదివారం పొద్దున్నే. శనివారం రాత్రి పన్నెండు దాకా పుట్టినరోజు విందులో కూర్చున్నవాడు మూడో క్వార్టర్‌లో ఎలా ఉంటాడో కోచ్ ఇట్టే పసిగడతాడు.

ఒంటి కోసం ఊరినుంచి తెప్పించే లేహ్యాలు, చూర్ణాలు, జిమ్‌లో స్నేహితుడిచ్చే ప్రీ-వర్కవుట్ పొడులు ముట్టుకోనివ్వకండి. టాలెంట్ లీగ్ స్థాయిలోనే డోపింగ్ నిబంధనలు వర్తిస్తాయి. డబ్బా మీద రాయని పదార్థం పరీక్షలో బయటపడితే 'మాకు తెలియదు' అన్న మాట చెల్లదు. ఎసెండన్ క్లబ్బు సప్లిమెంట్ల వ్యవహారంలో 34 మంది ఆటగాళ్లు 2016 సీజన్ మొత్తం నిషేధంలో గడిపారు. క్లబ్బు వాళ్లే ఇచ్చారన్నది వాళ్లను కాపాడలేదు. దగ్గు మందు, ఉబ్బసం ఇన్‌హేలర్‌తో సహా ఏదైనా గ్లోబల్ డ్రో వెబ్‌సైట్‌లో చూశాకే వాడాలి. పొడి తప్పనిసరైతే హాస్టా లేదా ఇన్‌ఫార్మ్‌డ్ స్పోర్ట్ ముద్ర ఉన్నదే కొనాలి.

శిక్షణలో రిక్రూటర్ల కన్ను మొదట పడేది రెండో కాలి మీద. క్లబ్బులో బెస్ట్ అండ్ ఫెయిరెస్ట్ తెచ్చుకున్న కుర్రాళ్లలో చాలామంది కుడికాలితోనే నెట్టుకొచ్చినవాళ్లు. పై స్థాయిలో ఆ కాలిని మూసేసేవాడు దొరకగానే ఆట ఆగిపోతుంది. డ్రాప్ పంట్ (ఈ ఆటలో మామూలుగా బంతిని తన్నే తీరు) సరిగా పడాలంటే బంతిని నిలువుగా పట్టుకోవాలి. తన్నే కాలి వైపు చేయి బంతిని నడుము ఎత్తు నుంచి పాదం మీదికి దింపాలి, వదిలేయకూడదు. వేళ్లు చాచి, బూటు తాళ్ల భాగంతో బంతి కింది మూడో వంతును తాకితే అది వెనక్కి తిరుగుతూ నిటారుగా పోతుంది. ఎడమకాలితో ఎందుకు చెడుతుందంటే, చాలామంది బంతిని కుడిచేత్తోనే దింపుతారు. అది అడ్డంగా వాలి, గాలికి పక్కకు పోతుంది. వారానికి మూడు రోజులు, 20 మీటర్ల దూరంలో చెత్తడబ్బా పెట్టి, ఎడమకాలితో 60 తన్నులు. నెల రోజులకు తేడా తెలుస్తుంది.

కంబైన్ పరీక్షల గురించి ఇప్పుడే కంగారు వద్దు. 20 మీటర్ల పరుగు 3 సెకన్ల లోపు, 2 కిలోమీటర్లు 6 నిమిషాల 30 సెకన్ల లోపు వస్తే మంచివే. రెండోది 6 దగ్గరికి వస్తే అందరి కళ్లూ పడతాయి. దానికి శిక్షణ సీజన్ లేని అక్టోబరు-జనవరి మధ్య. సీజన్‌లో అదనపు పరుగులు పెట్టించే ఉత్సాహం నాన్నలకు ఎక్కువ, అది దెబ్బలకు దారి. బడి జట్టు, క్లబ్బు, జెట్స్ మూడింటికీ ఆడుతుంటే వారానికి ఎన్ని శిక్షణలు, ఎన్ని మ్యాచ్‌లు అయ్యాయో ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించండి. వారంలో రెండు మ్యాచ్‌లు పడితే ఒక శిక్షణ ఎగ్గొట్టాలి. ముగ్గురు కోచ్‌లకూ ఒకరి లెక్క ఇంకొకరికి తెలియదు. చెప్పాల్సింది ఇంటివాళ్లే. ఎదిగే వయసులో గజ్జల నొప్పి, పాదం ఎముకలో సన్నటి పగులు వచ్చేది ఇలాంటి మోతాదు తప్పిన వారాల వల్లే.

ఈ ఆటలో అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే గాయం తొడ వెనక కండరం పట్టేయడం. దానికి విరుగుడు నార్డిక్ వ్యాయామం. మోకాళ్ల మీద నిలబడి, వెనక ఎవరైనా చీలమండలు పట్టుకుంటే, ఒంటిని వంచకుండా మెల్లగా ముందుకు వాలి, ఆపలేనప్పుడు చేతుల మీద పడాలి. వారానికి ఒకసారి అయిదేసి రెండు విడతలతో మొదలుపెట్టి, ఆరు వారాల్లో వారానికి రెండుసార్లు, ఎనిమిదేసి మూడు విడతలకు తీసుకెళ్లాలి. మొదటి వారం నొప్పులకు భయపడి చాలామంది ఆపేస్తారు. మోకాలి లోపలి ఏసీఎల్ అనే స్నాయువు తెగితే మాత్రం తొమ్మిది నుంచి పన్నెండు నెలలు పోతాయి. టాప్ ఏజ్ ఏడాదిలో తెగితే డ్రాఫ్ట్ పోయినట్టేనని కాదు, ముందే చూసి నచ్చినవాళ్లను అలాగే తీసుకున్న క్లబ్బులు ఉన్నాయి.

మీ భయంలో అసలు న్యాయం ఉన్నది తలదెబ్బల దగ్గర. దాన్ని తేలిక చేసి చెప్పను. పాలీ ఫార్మర్, డ్యానీ ఫ్రాలీ, షేన్ టక్ చనిపోయాక వాళ్ల మెదళ్లలో సీటీఈ అనే జబ్బు బయటపడింది. మళ్లీ మళ్లీ తగిలే దెబ్బలకు దానితో సంబంధం ఉంది, బతికుండగా నిర్ధారించే పరీక్ష లేదు. 2021లో మెల్‌బోర్న్ క్లబ్బుతో ఛాంపియన్‌షిప్ గెలిచిన యాంగస్ బ్రేషా 2024 ఫిబ్రవరిలో, 28వ ఏట, డాక్టర్ల సలహా మీద ఆట మానేశాడు. స్థానిక స్థాయిలో నిబంధన ఇది: కంకషన్ (దెబ్బకు మెదడు అదరడం) అయితే 21 రోజుల లోపు మ్యాచ్ ఆడకూడదు. లక్షణాలు పూర్తిగా పోయి 14 రోజులు గడిచాకే ఢీకొనే శిక్షణ, దానికి డాక్టరు అనుమతి కావాలి. ఫైనల్స్ వారంలో 'తల బాగానే ఉంది అమ్మా' అనే అబద్ధం ఆటగాళ్లందరూ చెబుతారు. నమ్మకండి. వెలుతురు చూడలేకపోవడం, చదువుతుంటే తలనొప్పి, అకారణంగా చిరాకు, నిద్ర చెడటం గమనించాల్సినవి. మౌత్‌గార్డ్ పళ్లను కాపాడుతుంది, మెత్తటి హెల్మెట్ చర్మం చిట్లకుండా ఆపుతుంది. ఈ రెండూ కంకషన్‌ను ఆపుతాయని రుజువు లేదు. ఒకే సీజన్‌లో రెండోసారి జరిగితే ఆ సీజన్ ముగించి, న్యూరాలజిస్ట్‌ను చూపించండి. ఈ విషయంలో మీ మాటే ఆఖరిదని ఇప్పుడే, ఏ దెబ్బా తగలకముందే, బాబుతో ఒప్పందం చేసుకోండి.

రంగు గురించిన మాటలు మైదానంలో పడవని చెప్పలేం. 1995లోనే లీగ్ ఈ దూషణల మీద నిబంధన తెచ్చింది, స్థానిక లీగులకూ ఫిర్యాదు పద్ధతి ఉంది. ఆరోజే అంపైర్‌కు చెప్పించి, ఏం అన్నారో ఆ మాటల్లోనే రాసి, క్లబ్బు కార్యదర్శికి పంపండి. వారం తర్వాత చెబితే సాక్షులు దొరకరు.

పదకొండో తరగతి చివరికి ఏజెంట్లు పలకరించడం మొదలుపెట్టవచ్చు. ఆటగాళ్ల సంఘం గుర్తింపు ఉన్నవాళ్లతోనే మాట్లాడండి. ముందుగా డబ్బు కట్టమనేవాడు, డ్రాఫ్ట్ ఖాయమనేవాడు ఎవరైనా సరే, గుమ్మంలోంచే పంపేయండి. క్లబ్బుల రిక్రూటర్లు ఇంటికి కూడా వస్తారు, టీ ఇచ్చి కూర్చోబెట్టండి. కుటుంబంలో గుండె జబ్బులు, పాత గాయాలు, చదువు, స్నేహితులు అన్నీ అడుగుతారు. అప్పుడు మన తల్లిదండ్రులు చేసే పొరపాటు పిల్లవాడి బదులు తామే జవాబివ్వడం. వాడిని మాట్లాడనివ్వండి. దాచిన గాయం కంబైన్ వైద్య పరీక్షలో బయటపడితే, గాయం కన్నా దాచడమే ఎక్కువ నష్టం చేస్తుంది. ఎంపికయ్యాక బెట్టింగ్ యాప్‌లు ఫోన్‌లో ఉండకూడదు. ఫుటీ మీద పందెం కాసినందుకు జైడిన్ స్టీఫెన్‌సన్ 2019లో 10 మ్యాచ్‌లు పోగొట్టుకున్నాడు.

ఇక మెథడ్స్ గురించి బాబుకు మీ మాట ఎక్కకపోతే ఇలా అడగండి: జెట్స్‌లో టాప్ ఏజ్ కుర్రాళ్లలో ఎవరు ఏ సబ్జెక్టులు చదువుతున్నారో వచ్చే శిక్షణలో కనుక్కుని రమ్మనండి. మెథడ్స్ చదువుతూ జట్టులో ఉన్నవాళ్ల పేర్లు వాడే తెస్తాడు. ఆదివారం మ్యాచ్‌కు వాళ్ల నాన్నను కూడా తీసుకెళ్లండి, మైదానం అంచున అరవకుండా ఉంటానంటేనే.